రెండు మండీల ఉచ్చీరప్ప

ఆదోని పత్తి మండీ, ఎమ్మిగనూరు పత్తి మండీ ఒకే సేటు చేతికి వచ్చాక, రెండింటి ఖాతాలనూ ఒక పుస్తకంలోకి ఎక్కించింది గుమాస్తా దాదాపీరే. తన రాతను తానే మెచ్చుకున్న ఆ మనిషి, ఇప్పుడు నందవరం పక్క పల్లెలో ఉచ్చీరప్ప ఇల్లెక్కడని అడిగి, చూపించిన వాకిట తల వంచుకుని నిలబడ్డాడు.

"...నిలబడే సెప్తావా సాబ్? కూర్చో. మజ్జిగ తాగు."

"వద్దప్పా. సెప్పనీ. ఆదోని పుస్తకంలో ఒక ఉచ్చీరప్ప ఉండె, ఎమ్మిగనూరు పుస్తకంలో ఒక ఉచ్చీరప్ప ఉండె. పేరొకటే, ఇంటిపేరొకటే, ఊరొకటే. ఇద్దరూ ఒకడేలే అని కలిపేస్తి."

"మా తాత పేరది. మా పెద్దనాయన ఆయన పెద్దకొడుక్కి పెట్టినాడు, మా నాయన నాకు పెట్టినాడు. మా ఇండ్లల్లో అంతే."

"నిన్న తెలిసింది. తండ్రి పేరొక్కటి అడిగింటే సరిపోతాండె. నీకు రావల్సిన పత్తి దుడ్లు తీసి, ఇంకొకని బాకీ కింద కొట్టేస్తి."

"పోనీలే సాబ్."

"ఎట్ల పోనిస్తావప్పా? పుస్తకం దిద్దినా, దుడ్లు తెచ్చినా. సంతనాడు, మండీ నిండా జనం ముందర, దొంగ అంటి కదా. బాకీ ఎగ్గొట్టే మొగం అంటి. దాన్ని యాడ దిద్దేది?"

"అది... జరిగిపోయింది కదా."

"నేను తీసుకోలేదు, నేను తీసుకోలేదు అని నువ్వు మొత్తుకుంటాంటే, తలెత్తి నీ మొగం గూడ సూడలేదు. పుస్తకం అబద్ధం సెప్పదంటి. సిగ్గుతో సస్తాండా. తిట్టప్పా, నాలుగు తిట్టు."

"నేనా? నేనెట్ల తిడతా?"

"తిట్టకుంటే పాయె. ఈ దుడ్లన్నా పట్టు."

"వద్దు. నా సేతిలో పెట్టొద్దు."

"ఇంకా కోపం పోలేదా?"

"కోపం కాదు సాబ్. ఆ పొద్దు నేను తూకం కాడ ఉంటి. నువ్వన్న మాటలన్నీ వింటి. అన్న నా దిక్కే సూసినాడు, నేను నోరు తెరుస్తానని. నేను బస్తాల సాటుకు పోయినా."

"అన్నా? ఎవరన్న?"

"ఆ పక్కిల్లు ఆయనది. ఆ పొద్దు నుంచి నేనా గడప తొక్కలేదు. ఆడికి నువ్వు పోయేటప్పుడు నన్నూ తోడుకోని పో సాబ్. ఆ బాకీ ఉచ్చీరప్పను నేనే."