బురుల్ పిండి కలిపిన పదకొండు నిమిషాలు

అయ్యో, నన్నేనా తప్పు పట్టేది? మీ తమ్ముడు గని నుంచి దిగి రావడం లేదంటే నేనేం చెయ్యను వదినా? కాళ్ళు కట్టేశానా? రెండు వారాలు పైన, రెండు వారాలు ఇంట్లో. అదీ పద్ధతి. ఇప్పుడు రెండు నెలలైంది. పక్కవాళ్ళ వంతు కూడా తనే చేస్తున్నారట.

కూర్చోండి. టీ చల్లారిపోతోంది. తలాస్ నుంచి అంత దూరం వచ్చారు, తిట్టడానికైనా ఓపిక ఉండొద్దూ!

ఆ మూల కంప్యూటరు చూశారా? పెళ్ళై ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజే ఆయన చెప్పారు, "కెంజె, దీన్ని ఎప్పుడూ ఆపకు" అని. ఇందులో ఉన్న పాటలూ వీడియోలూ కొండ మీద తన ఫోన్లో కనిపించేలా ఏదో అమర్చుకున్నారు. ఫోన్లో చోటు లేదట. ఇక్కడ ఇది ఆగితే అక్కడా ఆగిపోతుంది. సరేనన్నాను. మూడేళ్ళు దాని దుమ్ము తుడిచాను. చలికాలంలో కరెంటు పోయి వస్తే, టీకి నీళ్ళు పెట్టుకోకుండా ముందు దాన్నే ఆన్ చేసేదాన్ని.

మధ్యాహ్నం ఒంటిగంటకి తెర మీద చిన్న పచ్చ గుర్తు వెలిగేది. ఆయన భోజనానికి కూర్చుని ఏదో చూస్తున్నారన్నమాట. నాకెంత సంబరమో! నేనూ అప్పుడే తినేదాన్ని. ఇద్దరం కలిసి తింటున్నట్టు... నవ్వకండి.

ఓ రోజు ఏం చూస్తున్నారా అని నొక్కాను. మా పెళ్ళి వీడియో అనుకున్నా. పిచ్చిదాన్ని.

బురుల్. అవును, ఆవిడే. మొదటి పెళ్ళాం, పోయినావిడ. ఈ వంటింట్లోనే, ఈ బల్ల మీదే, బోర్సోకులు వేయించడానికి పిండి కలుపుతోంది. "తీసింది చాల్లే, ఆ ఉప్పు ఇటివ్వు సోమరిపోతా!" అంటోంది. పదకొండు నిమిషాలు. అంతే.

పోయిన మనిషి మీద నాకేం అసూయ? ఆవిడ ముఖం చూస్తే ఏమీ అనిపించలేదు, ఒట్టు. కానీ కెమెరా వెనకాల ఆయన నవ్వారు వదినా. పగలబడి, ఊపిరాడనట్టు! మీ తమ్ముడు అలా నవ్వగలరని మీకు తెలుసా? తెలిసే ఉంటుంది, చిన్నప్పట్నుంచి చూశారు. నాకు తెలీదు. మూడేళ్ళ కాపురంలో ఒక్కసారి వినలేదు.

ఆ వీడియో తీసేశాను. "నిజంగా తీసెయ్యాలా?" అని అడిగింది కంప్యూటరు. ఔనన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఫోను. "కెంజె, ఒకటి రావడం లేదు."

"ఏది?"

"ఏదో పాతది" అన్నారు. చూశారా, పేరు కూడా చెప్పలేదు! చెప్పుంటే... ఏమో.

వంతు మధ్యలోనే దిగొచ్చారు. బూట్లయినా విప్పకుండా దాని ముందు కూర్చుని వెతికారు, వెతికారు. "నువ్వు తీశావా?" అన్నారు. చెయ్యి తగిలి పోయిందేమో అన్నాను. అరిచినా బావుండేది. అరవలేదు.

బజారులో మరమ్మతు చేసేవాణ్ణి అడిగొచ్చారు. కొత్తగా ఏదీ ఎక్కించకపోతే ఇంకా లోపలే ఉంటుంది, సోమవారం వచ్చి బయటికి తీస్తానన్నాట్ట. "అప్పటిదాకా దీన్ని ముట్టుకోకు కెంజె, నిన్ను బతిమాలుకుంటున్నా" అన్నారు. నన్ను బతిమాలడం అదే మొదలు. ఎవరి కోసం? ఆవిడ కోసం!

మర్నాడు ఆయన గడ్డి తేవడానికి వెళ్ళారు. నేను పక్కింటికెళ్ళి సీరియళ్ళు అడిగి తెచ్చాను. ఒకటి కాదు, వందల భాగాలు. చోటు లేదని కంప్యూటరు మొరపెట్టుకునేదాకా ఎక్కించాను.

సోమవారం ఆ మనిషి వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. మీ తమ్ముడు నా వంక చూశారు. సంచీ తీసుకుని సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయారు.

లేస్తున్నారేం? వెళ్ళి చెప్పండి, చెయ్యి తగల్లేదని చెప్పండి. తప్పే. ఎవరు కాదన్నారు? కానీ ఆ పదకొండు నిమిషాలూ ఇవాళ మళ్ళీ దొరికాయే అనుకోండి... మళ్ళీ తీసేస్తాను వదినా.