రెక్క ఇరగ్గొట్టిన క్యాసెట్

ఎడారి దేశంల, అల్ కుసైస్ కూలోళ్ల క్యాంపుల పెద్దోడూ చిన్నోడూ నాలుగేండ్ల సంది ఒకే గది. శుక్రవారం సెలవునాడు చిన్నోడు అక్క గొంతు ఇందామని, ఆమె ఊరి నుంచి పాడి పంపిన క్యాసెట్ పెడితే గిటార్లు మోగినయ్.

"అన్నా, దీంట్ల మా అక్క వరి నాట్ల పాటలేవి?"

"మా ఐర్లాండు ఫోర్మన్ ఈ ఆల్బం ఒక్క పూటకు ఇచ్చిండు తమ్మి. రాక్ బ్యాండోళ్లు వాళ్ల పల్లెల పాత పాటలు పట్టుకొచ్చి పాడిన్రు. ఎంత మంచిగున్నయో! ఖాళీ క్యాసెట్ దొరకలే. తెల్వక దీని మీద ఎక్కిచ్చిన."

"తెల్వకనా? ఎవరూ చెరపొద్దనే నేను క్యాసెట్ అంచుకున్న చిన్న ప్లాస్టిక్ రెక్క ఇరగ్గొట్టిన. రెక్క లేకుంటే రికార్డు మీట దిగదు. మరి మీట దిగెటట్టు ఆ సందుకు ప్లాస్టర్ ఎవరు అంటిచ్చిన్రు?"

పెద్దోడు గోడ దిక్కు చూసిండు.

"అక్క సచ్చిపోయిందన్న ఉత్తరం గూడ నువ్వే సదివి చెప్తివి గదన్నా!"

"ఒక్క పాటనే ఎక్కిద్దామనుకున్న తమ్మి. ఇనుకుంట ఆపుడు మర్శిపోయిన."

చిన్నోడు టేపును చివరిదాక ఉరికిచ్చిండు. గిటార్లు ఆగిన కాడ అక్క గొంతు రవ్వంత మిగిలింది.

"పాటలు ఒడిసినయ్ తమ్మీ. నీ గదిల అన్నకు గూడ ఇనిపియ్యి. ఆయన ఉన్నడనే నాకు ధీమా."