మెట్ల వీధిలో ఎదురొచ్చినవాడు

టీకొట్టు అక్కకి తమ్ముడి కోతలంటే ఎప్పుడూ కోపం లేదు. చిన్నప్పుడు బడికి ఆలస్యమైతే దారిలో వంతెన కూలిపోయిందని చెప్పి తప్పించుకొచ్చాడు. ఆ దారిలో వంతెనే లేదు. విషయం తెలిసి అమ్మ నెత్తి కొట్టుకుని, "వీడు ఎక్కడైనా బతికేస్తాడే" అంది. బతికాడు కూడా. తాళాలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు, నలుగురిలో మంచివాడనిపించుకున్నాడు. భార్య పోయాక ఇల్లు బావురుమంటుంటే ఉండలేక, ఆదివారం పరుగు గుంపులో చేరాడు. మనిషి కాస్త బరువు. ఏ ఆదివారమైనా అందరికంటే వెనకే. అందుకే గుంపు వాడికి రాకెట్ అని పేరు పెట్టింది. వాడు దాన్ని నిజమైన మెచ్చుకోలుగానే పుచ్చుకున్నాడు.

ఆ గుంపుది ఒక పద్ధతి. ఊరికే పరిగెత్తరు. పొద్దున్నే అక్క కొట్టు ముందు చేరతారు, పనున్న ఇంటికి పరిగెత్తుకుంటూ వెళ్తారు. ముసలివాళ్ళ పెరట్లో కలుపు పీకడమో, అటక సర్దడమో, కటకటాలకి రంగు వేయడమో చేసి, మళ్ళీ పరిగెత్తుకుంటూ వచ్చి టీ తాగుతారు. గుంపుని నడిపేది బడిలో ఆటలు నేర్పే మాస్టారు. మెడలో ఈల లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు కనక ఈల మాస్టారు. ఆయన నియమాలు రెండే. వెనకబడ్డవాణ్ణి వదిలేసి రాకూడదు, వాడి వెనక ఎవరో ఒకరు తోకలాగా ఉండాలి. పని అయిపోయిన ఇంటికి మళ్ళీ వెళ్ళకూడదు, వేరే ఇళ్ళు ఎదురుచూస్తుంటాయి.

ఆ రెండో నియమమే ఇవాళ రాకెట్ గొంతుకి అడ్డం పడింది.

మెట్ల వీధి చివర, పైన, టైపు టీచరమ్మ ఇల్లు. ఒకప్పుడు సగం ఊరికి టైపు నేర్పినావిడ, ఇప్పుడు ఒక్కతే ఉంటుంది. ఆవిడ ఇంట్లో పనులన్నీ ఎప్పుడో అయిపోయాయి, ఒక్క చెక్క బీరువా తలుపు తప్ప. ఎన్నిసార్లు బిగించినా అది వారం తిరిగేసరికి వదులవుతుంది. ఇవాళ వెళ్ళేసరికి ఏకంగా ఊడి నేల మీద పడుంది. పాత స్క్రూలు ఇల్లంతా వెతికినా దొరకలేదు. గుంపులోని లిఫ్టు మెకానిక్ తన సంచీలోంచి పొడుగాటి కొత్త స్క్రూలు తీసి బిగించి, తలుపు పట్టుకుని వేలాడి మరీ చూపించాడు. "ఇక ఇల్లు పడిపోయినా ఇది పడదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, రాకెట్ తప్ప.

ఇదంతా అక్కకి ముందుగా చేరినవాళ్ళు చెప్పారు. మాస్టారూ, మెకానిక్కూ కొట్టు బయట పందిరి కింద బెంచీల మీద కూర్చుని, వచ్చే ఆదివారం గ్రంథాలయంలో పుస్తకాలు సర్దడానికి వెళ్దామని అప్పుడే అనుకుంటున్నారు. ఇంతలో పక్క తలుపులోంచి టైపు టీచరమ్మే లోపలికొచ్చింది, చేతికర్రతో. పొయ్యి పక్కనున్న స్టూలు మీద కూర్చుని, నోటి మీద వేలు పెట్టి, "నేనున్నానని చెప్పకు తల్లీ, కాసేపు విననీ" అంది. అక్క ఏమీ అడగకుండా టీ పోసిచ్చింది. ఆవిడ సగం గ్లాసు తాగాక రాకెట్ వచ్చాడు, రొప్పుతూ. వాడి వెనకే తోకగా ఉన్న పళ్ళ డాక్టరమ్మ, ఎందుకో నవ్వు ఆపుకుంటూ వచ్చింది.

"గ్రంథాలయమా?" అన్నాడు రాకెట్ సంగతి తెలియగానే. "మాస్టారూ, ఆ తలుపు ఎందుకూడిందో తెలియకుండా ఇంకో చోటికి వెళ్ళిపోదామనే?"

"స్క్రూలు వదులై ఊడింది బాబాయ్" అన్నాడు మెకానిక్.

"అదే నువ్వనుకుంటావని నాకు తెలుసు. అక్కా, టీ. కూర్చోండి, చెప్తాను. చెప్పకూడదనుకున్నాను, మనం చేసింది మనమే చెప్పుకుంటే బావుండదని. నిన్న పొద్దున్న ప్రాక్టీసుకని ఒక్కణ్ణే బయల్దేరాను. ఏదో మామూలుగానే. ఎలాగూ అటే కదా, టీచరమ్మ గుమ్మం పైన బల్బు మారుద్దామని నిచ్చెన భుజాన వేసుకున్నాను."

"నిచ్చెనతో పరిగెత్తారా?" అన్నారు మాస్టారు.

"బరువుంటేనే మాస్టారూ నాకు కాళ్ళు కుదురుగా ఉండేది, లేకపోతే లేచిపోతాను. సరే, సందు మలుపు తిరిగానా, ఎవరిదో బట్టలారేసిన తాడు నిచ్చెనకి తగులుకుంది. ఆగుదామంటే కాళ్ళు వింటేగా! ఆ తాడు, దాని వెనక తాడు, దాని వెనక తాడు, వీధి వీధంతా ఆరేసుకున్న బట్టలు నా వెనకాలే. దుప్పట్లు, లుంగీలు, ఎవరిదో పెళ్ళి కోటు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా వేగానికి అవన్నీ ఆరిపోయాయి! తిరిగి ఇవ్వడానికి వెళ్తే ఒకావిడ ఏమందంటే, 'అన్నయ్యగారూ, రేపు కూడా ఇటే వస్తారా, కంబళ్ళు ఉతకాలి' అంది."

మెకానిక్ టీ పొరబోయి దగ్గాడు. "ఇస్త్రీ కూడా అయ్యాయా బాబాయ్?"

"మలుపుల దగ్గర కొంచెం ముడతలు పడ్డాయి. అబద్ధమెందుకు చెప్పాలి?"

లోపల టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్క గిన్నె వంక చూస్తున్నట్టు నటించింది. వీడి నోటికి ఇంత ఓపికగా చెవి అప్పగించే మనిషి తను కాక ఇంకొకరున్నారని ఆమెకి ఆ క్షణంలోనే తెలిసింది, ఎందుకో చాలా సంతోషమేసింది.

"ఇక మెట్ల వీధి," అన్నాడు రాకెట్, చెయ్యి పైకెత్తి. "మీరు ఆ మెట్లు ఎక్కుతారు. నేను ఎక్కను మాస్టారూ, ఎక్కడానికి టైమేదీ? మొదటి మెట్టు మీద కాలు పెట్టాను, చివరి మెట్టు మీద తీశాను. నా వెనకాల గాలి ఎంత జోరుగా వచ్చిందంటే, అది తిన్నగా టీచరమ్మ ఇంట్లో దూరి, బీరువా తలుపు పట్టుకుని, పీకి, కిటికీలోంచి బయటికి విసిరింది. ఇదీ మీ స్క్రూల కథ! అవి ఎక్కడ దొరుకుతాయి? ఈపాటికి సముద్రం దాటుంటాయి."

"మరి తలుపు?" అంది డాక్టరమ్మ.

"అదే చెప్తున్నా. తలుపు గాల్లో, నేను కింద. టీచరమ్మ అమ్మగారి నాటి బీరువా అది, పోతే ఆవిడ మొహం ఎలా చూస్తాను చెప్పండి? ఎగిరాను. పట్టుకున్నాను. పట్టుకుని దాని మీద నిలబడ్డానో లేదో, మెట్ల మీద పడి జారడం మొదలెట్టింది. అది జారడం కాదు నాయనా, అది పోవడం! కింద రోడ్డు మీదికొచ్చేసరికి ముందు బస్సు. హారన్ లేదు నా దగ్గర, ఏం చేస్తాను, నోటితో కొట్టాను. బస్సు పక్కకి తప్పుకుంది. డ్రైవరు తల బయటపెట్టి ఏమన్నాడో తెలుసా? 'రైల్వేస్టేషనుకా?' అన్నాడు. బస్సులో ఆలస్యమవుతుందని కొంతమంది దిగి నా తలుపెక్కారు."

"ఒక్క బీరువా తలుపు మీద?"

"ముసలివాళ్ళని కూర్చోబెట్టాం, మిగతావాళ్ళు నిలబడ్డారు. ఊరికే అడ్డం తగలకు. వాళ్ళని స్టేషన్లో దింపి, తలుపు తిప్పి, మళ్ళీ మెట్ల వీధికి వచ్చాను. ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఇక్కడే అసలు సంగతి. ఎంత వేగంగా వచ్చానంటే, నేను బయల్దేరకముందే తిరిగొచ్చేశాను."

మాస్టారి చేతిలో గ్లాసు నోటి దగ్గర ఆగిపోయింది.

"అర్థం కాలేదా? తలుపు చంకన పెట్టుకుని మెట్ల మొదట్లో నిలబడ్డానా, ఎవరో ఒకాయన నిచ్చెన భుజాన వేసుకుని, వెనకాల బట్టలు రెపరెపలాడుతూ వస్తున్నాడు. మంచి పర్సనాలిటీ. ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. చూస్తే నేనే! నాకు నేనే ఎదురొచ్చాను. పలకరించకపోతే బావుండదు కదా, 'ఏం బాబాయ్, కులాసాయేనా?' అన్నాను. మర్యాదస్తుడు, ఆగాడు. 'ఆ తలుపు ఒక్కడివే మోస్తున్నావేంటి, పట్టు' అన్నాడు. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని పైకి చేర్చాం. లేకపోతే అంత బరువు ఒక్కడి వల్ల అవుతుందా? కొంచెమైనా నమ్మేట్టుండాలి కదా మాట!"

బెంచీలు ఊగిపోయేలా నవ్వారు. రాకెట్ మాత్రం నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించాడు.

"నేను దిగొచ్చేశాను. వాడు రాలేదు. స్క్రూలు లేవు కదా, తలుపు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు పాపం. ఇవాళ మీరంతా హడావుడిగా తలుపు బిగించేస్తే, సిగ్గుపడి పెరట్లోకి వెళ్ళుంటాడు. ఇప్పుడు మీరు గ్రంథాలయానికి పోదామంటున్నారు. వెనకబడ్డవాణ్ణి వదలకూడదన్నది మన నియమమా కాదా మాస్టారూ? మనవాడొకడు ఆ ఇంట్లో ఉండిపోయాడు. వచ్చే ఆదివారం వెళ్ళకపోతే వాడి గతేంటి? టీచరమ్మ గతేంటి?"

చివరి మాట అనేటప్పుడు వాడి గొంతు కోతల గొంతు కాదు. అక్క అది పట్టేసింది. బెంచీల మీద కూడా నవ్వు ఆగింది. మాస్టారు ఈలని వేళ్ళతో తిప్పుతూ, "పని అయిపోయింది రాకెట్. ఏ పనీ లేకుండా ఎలా వెళ్తాం, ఇంకొకరికి అన్యాయం కదా?" అన్నారు. ఆయనకీ మనసొప్పలేదు, కానీ ఆయన మాట మీద నిలబడే మనిషి.

అప్పుడు లోపల స్టూలు జరిగిన చప్పుడైంది. టైపు టీచరమ్మ కర్ర తాటిస్తూ పందిరి కిందికి వచ్చింది. రాకెట్ ఆవిణ్ణి చూసి లేవబోయి, బెంచీకి మోకాలు కొట్టుకుని, మళ్ళీ కూర్చున్నాడు.

"ఆ రెండోవాడి సంగతి నాకు తెలియదు గానీ నాయనా, స్క్రూల సంగతి తెలుసు," అంది ఆవిడ. "సముద్రం దాటలేదు. నీ చొక్కా జేబులో చూసుకో."

రాకెట్ చెయ్యి దానంతటదే జేబు మీదికి వెళ్ళింది.

"ప్రతి ఆదివారం మంచినీళ్ళు అడిగి, నేను వంటింట్లోకి వెళ్ళగానే పై మడతబందు స్క్రూలు వదులు చేసేవాడివి. వచ్చే వారం పని ఉండాలని. పోయిన వారం వదులు చేయడంతో సరిపెట్టుకోక పూర్తిగా పీకేశావు. అవునా?"

"టీచరమ్మా, అది... గాలికి..."

"తప్పు పట్టడానికి రాలేదులే." ఆవిడ చేతిసంచీలోంచి రెండు తుప్పు పట్టిన స్క్రూలు తీసి బెంచీ మీద పెట్టింది. "ఇవి కింది మడతబందువి. మీరంతా వెళ్ళాక నేనే పీకాను. ప్రతి వారం కాస్త వదులు చేసేదాన్ని, ఈసారి నేనూ పూర్తిగా లాగాను. నువ్వు పైన వదులు చేస్తున్నావని చూస్తూనే ఉన్నాను, ఈసారి పూర్తిగా పీకావని మాత్రం చూసుకోలేదు. నేను కిందివి లాగగానే తలుపు నా కాళ్ళ దగ్గర ధన్‌మని పడింది. మన తెలివి ఇలా తగలడింది."

మెకానిక్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ఇన్ని వారాలుగా ఆ చెక్కనే తిట్టుకున్నవాడు తను.

"మాస్టారూ," అంది టీచరమ్మ, "నాకు ఆ తలుపుతో పనిలేదు. ఆదివారం మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడాలి, ఇతను కూర్చుని ఏదో ఒకటి కోయాలి, నేను వినాలి. వారమంతా ఆ చప్పుడు కోసమే చూస్తాను. పని లేని ఇంటికి రాకూడదన్నది మీ నియమం. అది న్యాయమే. కానీ నేను మీ చేత పని చేయించుకోవడానికేనా, మీతో కలిసి చేయడానికి మీ గుంపులో నాకు చోటు లేదా? గ్రంథాలయంలో పుస్తకాలకి అట్ట మీద పేర్లు కొట్టడానికి టైపు వచ్చినవాళ్ళు అక్కర్లేదా?"

మాస్టారు ఇబ్బందిగా కదిలారు. "కావాలమ్మా, ఎందుకక్కర్లేదు. కానీ మాది పరుగు గుంపు. కర్రతో మీరు... మాతో రాగలరా?"

"మీతో రాలేను. మీ రాకెట్‌తో రాగలను. ఇవాళ మీరు దిగాక చెప్పులు వేసుకుని, ఇంటికి తాళం వేసుకుని బయల్దేరాను. వీధి మలుపు దగ్గర ఈయన అరుగు మీద కూర్చుని ఎవరికో బట్టల తాడు కథ చెప్తున్నాడు. పక్కనుంచి నడుచుకుంటూ దాటొచ్చేశాను. సగం టీ తాగాక వచ్చాడు."

డాక్టరమ్మ ఇంక ఆపుకోలేకపోయింది. "నేను చూశాను! నోటి మీద వేలు పెట్టి మరీ దాటారు!"

ఆ నవ్వులకి రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. మాస్టారు కళ్ళు తుడుచుకుని, ఈల మెడలోంచి తీసి, టీచరమ్మకి స్వాగతమన్నట్టు గట్టిగా ఊదారు. గుంపు వచ్చే ఆదివారం ఆవిడ గుమ్మం ముందు నుంచే బయల్దేరుతుందని అక్కడికక్కడే తేల్చేశారు. మెట్ల మీద అడుగుల చప్పుడు ఆవిడకి ఇక తప్పదు.

రాకెట్ గ్లాసులో మిగిలిన చివరి గుక్క తాగేశాడు. మొహం వెలిగిపోతోంది, దాచుకోవడం వాడికి చేతకావడం లేదు. తర్వాత మెల్లగా తలెత్తాడు.

"టీచరమ్మా, ఒక్క పొరపాటు. మీరు దాటొచ్చింది నన్ను కాదు, ఆ రెండోవాణ్ణి. నేను అప్పటికే ఇక్కడికొచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళాను."

అక్క కెటిల్ పట్టుకుని బయటికొచ్చింది. టీచరమ్మ గ్లాసు నింపింది, మాస్టారిది నింపింది, మిగతావాళ్ళవీ నింపింది. తమ్ముడి గ్లాసు మాత్రం ఖాళీగా వదిలేసింది.

"నాకేదే?"

"నువ్వు ఇందాకే వచ్చి తాగేసి వెళ్ళావురా," అంది అక్క.