రావద్దన్న ఇంటికి రెండుసార్లు

పది నిమిషాలంట. కాపలా కూచోమని పంపించేది స్టేషనోళ్లు, పది నిమిషాలకు మించి మంచం దగ్గర ఉండొద్దనేది ఈ ఆసుపత్రోళ్లు. నేనేమన్నా మిమ్మల్ని మాట్లాడిస్తాండానా? దవడకు తీగలేసి బిగించినాక మీరెట్లా మాట్లాడతారు? మాట్లాడేది నేను. అదీ ఓర్చుకోలేదు ఆ నర్సమ్మ. "హోంగార్డువి, తలుపు కాడ ఉండు నాయనా, లోపల నీకేం పని" అంటాది.

పనుండాది. సాయంత్రం నాలుగుకు మెజిస్ట్రేటమ్మ వస్తాది, మీ వాంగ్మూలం తీసుకోవడానికి. నోరు పలకదు కాబట్టి రాసిస్తే చాలంట. అందుకే గదా పొద్దున్నుంచి ఆ కాగితం గుండెల మీద పెట్టుకొని ఉండారు. అందులో ఒక పేరు తప్పు, సులోచన గారూ. నాలుగు లోపల అది చెప్పాల.

మీ ఆయన పేరు కాదు. రమణయ్య పేరు పెద్దక్షరాల్లో రాయండి. మేము జీపు దిగేటప్పటికి వాడు మిమ్మల్ని జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చినాడు. చేతిలో లారీ జాకీ రాడ్డు. "పో, కువైట్ పో, మా అమ్మ పోయినట్టు పో" అంటాడు, మాటకొక దెబ్బ. మీ ఎడమ చెయ్యి ఇరిగిన చప్పుడు నాకు వినపడింది. పచ్చి కొమ్మ ఇరిగినట్టు. మీకు అప్పటికే స్పృహ లేదు.

మన రాయచోటి పక్కల ఏ ఇంట్లో ఆడది కువైట్ పోలేదు చెప్పండి? మొగుళ్లే పెట్టె మోసుకొని బస్టాండు దాకా వస్తారు. మీకే దొరికినాడు ఇట్లాంటోడు. వానికి ఆరేళ్లున్నప్పుడు వాళ్లమ్మ పోయి మళ్లీ రాలేదని ఊరంతా ఎరుగుదురు. ఆమె మీద కోపం ఇన్నేళ్లు దాచిపెట్టి మీ దవడ మీద తీర్చుకున్నాడు.

నేనూ ఊరుకోలేదు లెండి. స్టేషన్ వెనక గదిలో వాన్ని గోడకానించి కొట్టినా. లాఠీ ఇరిగితే బూటుతో. కింద పడితే లేపి మళ్లీ. లాఠీ కొస నోట్లో పొడిస్తే ముందు పళ్లు నాలుగు ఊడి నేల మీద పడినాయి. చొక్కా నిండా నెత్తురు, వానిది. హెడ్ కానిస్టేబుల్ మస్తానయ్య పరిగెత్తుకొచ్చి నన్ను నడుం పట్టి లాగితే గానీ ఆగలేదు. ఇప్పుడు వాడూ ఈ ఆసుపత్రిలోనే, కింది వార్డులో. నోటికి కుట్లు. వాడూ పలకలేడు.

అట్లా మొగం తిప్పుకోకండి. మీరు సంతోషపడతారనుకుంటి.

మస్తానయ్య ఏమన్నాడో తెలుసా? "ఆ యమ్మను అక్కా అని పిలువురా పెంచలయ్యా, నీ ఆరోగ్యానికి మంచిది" అన్నాడు.

సరే, ఆ పేరు సంగతి. రెడ్డమ్మక్క.

వద్దని చెయ్యి ఊపితే ఎట్లా? వినండి. మీ ఎదురింటి రెడ్డమ్మక్క మూడు రోజుల నుంచి గంజి కాచి తెస్తాంది, మీరు మొగం చూడకుండా పంపించేస్తాండారు. ఈ రోజు ఉత్త చేతులతో రాలేదు. పోస్టుమేన్‌ని ఎంటబెట్టుకొని వచ్చింది. మీ పాస్‌పోర్టు వచ్చింది. మీ చేతికి తప్ప ఇయ్యకూడదంట, ఆయన ఇంటి ముందు నుంచి తిరిగి పోతాంటే చొక్కా పట్టుకొని బస్సెక్కించింది. ఇద్దరూ వరండాలో నిలబడుకోని ఉండారు. "ఈ రోజు తీసుకోకపోతే వాపసు పంపించేస్తానమ్మా" అంటాండాడాయన.

ఆ రోజు మిమ్మల్ని కాపాడింది కూడా ఆమే. మేము కాదు. మేము దిగి మీ దగ్గరికి వచ్చేలోపల మూడో దెబ్బకు రాడ్డు మీ తల మీదికి ఎత్తినాడు వాడు. ఆమె పొయ్యి మీద మరుగుతున్న ఎసరు గిన్నెతో సహా తెచ్చి వాని వీపు మీద కుమ్మరించింది. వాని వీపు తోలు ఊడొచ్చింది. ఆమె రెండు అరచేతులూ కాలినాయి. గుడ్డ చుట్టుకొని, ఆ చేతులతోనే గంజి తెస్తాంది.

మరి మీ పాస్‌పోర్టు సంగతి ఆయమ్మే మీ ఆయనకు చెప్పిందని మీకెవరు చెప్పినారు?

అవును. నేనే. మొన్న మీరు ఒక కాగితం మీద "ఎవరు చెప్పినారు" అని రాసి నాకు చూపిస్తే, నోటికొచ్చిన పేరు చెప్పినా.

కళ్లు అట్లా పెట్టకు. నువ్వు అంటాండా, ఏమనుకోకు. అబద్ధం చెప్పేటప్పుడు మీరు అనడం సులువు. ఇప్పుడు రావడం లేదు.

మా స్టేషన్లో ట్యాబ్ నా చేతికే ఇస్తారు, మస్తానయ్యకు అది చేతకాదు కాబట్టి. పాస్‌పోర్టు దరఖాస్తులన్నీ అందులో వస్తాయి. ముందు కాలంలో అయితే ఇంటికి పోవాల, ఎట్లాంటి మనిషని నలుగురిని విచారించాల, ఇరుగుపొరుగు ఇద్దరితో సంతకాలు పెట్టించాల. ఇప్పుడు అదంతా తీసేసినారు. మనిషి మీద కేసుందా లేదా రికార్డు చూడు, లేదంటే బాగుందని నొక్కు. అంతే. గడప తొక్కే పనే లేదు.

నీ మీద ఏ కేసూ లేదు. సోమవారం పొద్దున్నే నొక్కేసినా. నీ పని అప్పుడే అయిపోయింది.

కానీ ఫోటో మూసెయ్యబుద్ధి కాలేదు. తెల్లగుడ్డ ముందర కూచొని నేరుగా చూస్తాండావు. నవ్వు లేదు. కనుబొమ్మ మీద మానిన గాటు. ఎక్కడికో పోవాలని అంతగా అనుకునే మొగం నేనెప్పుడూ చూడలేదు. నేను పుట్టినప్పటినుంచీ కడప దాటి పోలేదు. ఆ మొగాన్ని ఒక్కసారి దగ్గర నుంచి చూడాలనుకున్నా. ఒట్టు, అంతే.

బుధవారం వచ్చినా. నువ్వు తలుపు జానెడు తెరిచినావు. "పోలీసులు ఇంటికి రారని పాస్‌పోర్టాఫీసులో రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాకే దరఖాస్తు పెట్టినా సార్. మా ఆయనకు తెలిస్తే చంపుతాడు. మళ్లీ రావద్దండి" అన్నావు. నన్ను సార్ అన్నావు. నన్నెవరూ సార్ అనరు. ఆ మాట వింటూ ఇంటికి పోయినా. నువ్వు చెప్పిన మాట మటుకు వినలేదు.

శనివారం స్టేషన్ బీరువాలో మిగిలిపోయిన పాత ఫారం ఒకటి మడిచి జేబులో పెట్టుకొని మళ్లీ వచ్చినా. మీ ఇంటికి తాళం. మీ వీధి చివర టీ బంకు దగ్గర నిలబడినా, నువ్వొస్తావేమోనని. ఊరికే నిలబడితే బాగుండదు గదా, ఆ ఫారం తీసి బల్ల మీద పరిచినా. "సులోచన అనే ఆమెకు పాస్‌పోర్టు వస్తాది, మంచి మనిషేనా, ఇద్దరు సంతకం పెట్టండి" అన్నా, పెద్ద ఆఫీసరు మాదిరి. బెంచీ మీద లారీ డ్రైవరొకడు టీ తాగుతాండాడు. గ్లాసు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసినాడు. "మంచిదే సార్, నాకు బాగా తెలుసు" అన్నాడు. పెన్ను అడిగి తీసుకొని, తీరిగ్గా సంతకం పెట్టి, పెన్ను తుడిచి నా చేతికిచ్చి లేచి పోయినాడు. వాని మొగం నాకు అప్పటికి తెలీదు, సంతకం చదవనూ లేదు.

ఇదిగో ఆ ఫారం. చదువు. వి. రమణయ్య.

స్టేషన్లో వాన్ని వెనక గదిలోకి తోసినప్పుడు నన్ను గుర్తుపట్టినాడు. ఆ కాలిన వీపుతోనే నవ్వినాడు. "నువ్వు సంతకం అడక్కపోయింటే నాకెట్లా తెలుస్తుందిరా అబ్బీ. సీఐ రానీ, అదే చెప్తా" అన్నాడు. సీఐ సార్ జీపు అప్పుడే గేట్లోకి వస్తాంది. వానికి చెప్పడానికి ఒక్క నిమిషం చాలు.

అందుకే కాళ్లు చేతులు వదిలేసి నోటి మీదనే కొట్టినా.

నీ కోసం కాదు. స్టేషనంతా నీ కోసమే అనుకుంటాండారు, నేనూ నాకు అట్లాగే చెప్పుకుంటి. వాడు మాటెత్తకూడదని కొట్టినా. పళ్లు రాలినాక కూడా "సంతకం, సంతకం" అంటాంటే, అది కూడా పలక్కుండా కొట్టినా.

నిన్ను ఇక్కడ్నించి పంపించేస్తే నీకు పోను ఇంకో ఇల్లు లేదు, రెడ్డమ్మక్క ఇల్లు తప్ప. మీ అత్తగారి తరపోళ్లు గేటు దగ్గర ఆటో పెట్టుకొని కూచోని ఉండారు, ఇంటికి తోలుకపోతామని. వాళ్ల ఆటో ఎక్కినావంటే నీ పాస్‌పోర్టు వాళ్ల పొయ్యిలో ఉంటాది.

రెడ్డమ్మక్క పేరు కొట్టెయ్. ఆ చోట రాయి. పెంచలయ్య, హోంగార్డు. ఈ ఫారం దానికి జతచేసి ఇయ్యి. నేను పోయి రెడ్డమ్మక్కనూ పోస్టుమేన్‌నీ లోపలికి పంపిస్తా. సంతకం పెట్టి పాస్‌పోర్టు తీసుకో.

నా మీద కేసైతే రేపు నాకు పాస్‌పోర్టు రాదంట. రాకపోతే పోయె. నన్ను రమ్మని పిలిచేవాళ్లు ఏ దేశంలో ఉండారు గనక.