కార్వేటినగరం ఫైనల్లో మునిరామయ్య ఊదిన విజిలు

ఆ సాయంత్రం నాలుగింటికి నియాజ్ మొగం వేలాడేసుకొని వచ్చి శకుంతలమ్మ టీ అంగట్లో బెంచీ మీద కూలబడినాడు. రేణిగుంట గోడౌన్ల ఎదురుగా ఉండే ఫోన్ల అంగడి నియాజ్‌దే. ఆదివారం ఆడపిల్లకాయల ఫుట్‌బాల్ ఫైనలు పెట్టుకోనుండాడు. వస్తానన్న రెఫరీకి కాలు బెణికింది. చిత్తూరు ఫుట్‌బాల్ సంఘం వాళ్ళు ఇంకొకరిని సూసి పంపిస్తామన్నారు గానీ, ఎవురొచ్చేదీ చెప్పలేదంట.

“రెఫరీ లేడనా ఏడస్తా ఉండావు?” అన్నాడు మునిరామయ్య, గ్లాసు కింద పెట్టి. మునిరామయ్య మా గోడౌన్లో వాచ్‌మన్. అరవై దాటినాయి. పదేండ్ల ముందు కార్వేటినగరం నుంచి ఈడికి వచ్చినాడు. “నన్నడగొచ్చు కదప్పా. నేనూ ఒక మ్యాచికి విజిలు ఊదినోడినే. ఒకటే మ్యాచి. ఎక్కువ చెప్పుకోను.”

లారీ సుబ్బన్న నా పక్క తిరిగి నవ్వినాడు. మునిరామయ్య ఎక్కువ చెప్పుకోనన్నాడంటే ఇంక గంటసేపు లేచే పని లేదని మాకు తెలుసు.

“ఇరవై ఏండ్లయింది. మా కార్వేటినగరం ఆడపిల్లకాయలకీ చిత్తూరు పిల్లకాయలకీ ఫైనలు. రెఫరీ అంటే నిక్కరేసుకొని పరిగెత్తేవాడని అందురూ అనుకుంటారు. కాదప్పా! విజిలు తెలిసినోడే రెఫరీ. నేను ముందురోజే చిత్తూరుకి పోయి ఆటసామాన్ల అంగట్లో విజిలు చూపించమన్నాను. అంగడాయన డబ్బా కుమ్మరించినాడు, ఇత్తడివి, ఇనుపవి, ప్లాస్టిక్‌వి, శనక్కాయలు పోసినట్ల పోసినాడు. లోపల గోలీ ఉండేవన్నీ పక్కన పెట్టేసినా. ఎందుకో తెలుసా? ఆ గోలీ గిరగిరా తిరిగితేనే అది మోగేది. రొంత వాన పడినా, మన ఉమ్మి తగిలినా, గోలీ అతుక్కుపోతాది. సరిగ్గా కొట్లాట మొదలయ్యే టైముకి ‘ఫుస్’ అంటాది. గోలీ లేనిది ఇయ్యి నాయనా అన్నాను. ఇచ్చినాడు. పని చేస్తాదా అని సూస్తే ఆయన కండ్లద్దాలు పగిలినాయి.”

“అంత గట్టిగా ఊదినావా అన్నా?” అన్నాడు సుబ్బన్న.

“యాడ ఊదినాను? నోటి కాడ పెట్టుకొని గాలి పీల్చినా, అంతే!”

శకుంతలమ్మ పాలు పొంగేది కూడా మరిచి నవ్వింది. నియాజ్ మొగంలో రొంత వెలుగొచ్చింది. అప్పుడే బస్టాపు పక్కనుంచి ట్రాక్ సూట్ వేసుకున్న ఒక మేడమ్ వచ్చి, టీ చెప్పి, చివరి బెంచీలో కూర్చున్నాది. ముప్పై అయిదు దాకా ఉంటాది వయసు. వినేవాళ్ళు ఒకరు పెరిగినారని మునిరామయ్య గొంతు కూడా పెరిగింది.

“ఇంక దాన్ని ఎట్ల పట్టుకోవల్ల అనేది ఉండాది సూడు, అది అసలు విద్య. మెడలో తాడు కట్టి వేలాడేసుకొనేవాళ్ళు తెలియనోళ్ళు. పిల్లకాయలు మీద పడితే ఆ తాడు గొంతుకి బిగుసుకుంటాది. నోట్లో పెట్టుకొని పరిగెత్తేవాళ్ళు ఇంకా తిక్కలోళ్ళు. ఎవురు జారి పడినా పీప్, దోమ కుట్టినా పీప్. విజిలు వేలికి తగిలించుకోవల్లప్పా. ఫౌలు కనపడినాక చెయ్యి నోటి దాకా రావాలంటే రొంత టైము పడతాది. ఆ రొంతలోనే బుద్ధి పని చేస్తాది.”

చివరి బెంచీలో మేడమ్ తలూపింది. అది సూసి మునిరామయ్య ఇంకా రెచ్చిపోయినాడు.

“ఒకటి పాడైతే ఇంకొకటి ఉండల్ల గదా. మామూలు రెఫరీ జేబులో ఒకటి పెట్టుకుంటాడు. నేను పదకొండు పెట్టుకున్నా.”

“పదకొండా! యాడ మామా?” అన్నాడు నియాజ్.

“మేజోళ్ళలో రెండు రెండు. కాలర్ కింద మూడు. రెండు జేబుల్లో రెండు. మొలతాడుకి ఒకటి. ఇంకొకటి యాడనో చెప్పకూడదు, శకుంతలమ్మ ఉండాది. సరే, మ్యాచి మొదలైంది. పిల్లకాయలు కదా, బెదురుకుంటారని సల్లగా ఊదినాను. ఆ సల్లటి ఊదుడుకే ఏమైందో తెలుసా? మా ఊరి పాత ప్యాలెస్ గోడల్లో ఉండే పావురాలన్నీ లేచి, గ్రౌండు మీదకొచ్చి, ఈ పక్క పదకొండు, ఆ పక్క పదకొండు వరసగా నిలబడినాయి! మిగిలినవి గోడ మీద కూర్చొని సూస్తా ఉండాయి. కావల్లంటే ఎవురినన్నా అడుగు.”

“పావురాలనే అడగల్ల,” అన్నాడు సుబ్బన్న.

“నువ్వు నవ్వు. సెకండాఫ్‌లో చిత్తూరు పిల్ల మా పిల్ల కాలు తొక్కింది. అప్పుడు రొంత కోపంగా ఊదినాను. ఈడ, ఈ రేణిగుంట స్టేషన్లో, గూడ్సు బండి కదలతా ఉండింది. టక్కున ఆగిపోయింది! డ్రైవరు గార్డుని అడిగితే గార్డు నేను కాదంటాడు, గార్డు స్టేషన్ మాస్టర్ని అడిగితే ఆయనా నేను కాదంటాడు. అరగంటసేపు ఒకరి మొగాలు ఒకరు సూసుకుంటా ఉండిపోయినారు.”

“కార్వేటినగరం యాడ, రేణిగుంట యాడ అన్నా? యాభై కిలోమీటర్ల దాకా ఉండాది.”

“గాలి ఇటు పక్కకి ఉండిందిలే! గాలి లేకుంటే ఆ మోత పుత్తూరు కాడ్నే ఆగిపోయుండును, నేనేమన్నా లేనిది చెప్తానా? ఆ విమానం సంగతి వినలేదే నువ్వు. అదే టైముకి మన రేణిగుంట ఏర్పోర్టులో విమానం దిగతా ఉండింది. చక్రాలు నేలకి జానెడు ఎత్తులో ఉండాయి. విజిలు వినపడింది. పైలెట్ భయపడి మళ్ళీ పైకెత్తుకొని హైదరాబాదుకి ఫోన్ చేసినాడు, ‘సార్, ఈడ ఎవురో ఆగమంటా ఉండారు, ఏం చేసేది?’ అని. వాళ్ళు ఏమన్నారో తెలుసా? ‘అది మునిరామయ్య అయ్యుంటాడు, ఆయన మళ్ళీ ఊదేదాకా తిరగతా ఉండు’ అన్నారు!”

రోడ్డు మీద పొయ్యే ఆటో కూడా ఆగి వినింది. మునిరామయ్య లేచి నిలబడినాడు. కండ్లు మెరస్తా ఉండాయి.

“ఇంక ఆఖరి నిమిషం. ఇద్దురికీ సున్నా. మా ఊరి పిల్ల ఒకటి ఉండింది, సన్నగా నల్లగా, పదో తరగతి. బంతి దాని కాలికి దొరికింది. ఒకదాన్ని తప్పించింది, ఇంకోదాన్ని తప్పించింది, మూడోది సూసేలోగా దాన్నీ దాటేసింది. అబ్బా, ఆ పరుగు! నేలకి కాళ్ళు తగల్లేదప్పా! కొట్టింది సూడు ఒకటి, గోలు పైమూలకి పోతా ఉండాది బంతి. అప్పుడు నేను… ఒంట్లో ఉండే గాలంతా పెట్టి ఊదినాను. ఏమైందో తెలుసా?”

నియాజ్ బెంచీ అంచుకి జరిగినాడు.

“బంతి గాల్లో ఆగిపోయింది. గోలుకి మూరెడు ముందర, మనిషెత్తులో, అట్లే నిలబడిపోయింది! కిందకి పడదు, ముందరికి పోదు. గోల్‌కీపరు పిల్ల కుర్చీ తెప్పించుకొని, ఎక్కి, మామిడికాయ కోసినట్ల కోసుకొనింది.”

“గోలు ఇచ్చినావా, లేదా మామా?” అడిగినాడు నియాజ్.

“గాల్లో నిలబడిన బంతికి గోలెట్లిస్తారప్పా? మా ఊరే ఓడిపోయింది. అయినా నేను న్యాయం తప్పలేదు. జనం నన్ను భుజాల మీద ఎత్తుకొని…”

“బంతి ఆగలేదు పెద్దాయనా,” అనింది చివరి బెంచీలో మేడమ్. “లోపలికే పోయింది. నేనే కదా కొట్టింది.”

పైకి లేపిన మునిరామయ్య చేతులు కిందకి దిగినాయి.

ఆమె గ్లాసు పక్కన పెట్టి, మెల్లగా చెప్పింది. “ఆగింది గోల్‌కీపరు. విజిలు వినపడింది కదా అని చేతులు దించేసింది. మేము ఎగిరి గంతులేస్తా ఉండాము. రెఫరీ మాత్రం ‘నేను ఊదలేదే’ అని వెనక్కి తిరిగి సూసినాడు. అందరం సూసినాము. షామియానా కింద మైకు సెట్టాయన, మైకు ముందర నిలబడి, విజిలు నోట్లో పెట్టుకోనుండాడు. రెండు స్పీకర్లలో మోగింది అది. బయటి విజిలుకి ఆట ఆగిపోయింది కాబట్టి గోలు చెల్లదు అన్నాడు రెఫరీ. పెనాల్టీల్లో ఓడిపోయినాము. మా నాయన సైకిలు మీద ఇల్లు చేరేదాకా ఏడ్చినాను.” ఆమె మునిరామయ్యని తేరిపార సూసింది. “అప్పుడు మీకు పెద్ద మీసాలుండేవి.”

సుబ్బన్న నవ్వబోయి ఆగిపోయినాడు. మునిరామయ్య కూర్చున్నాడు.

“సంతోషం పట్టలేక ఊదినానమ్మా,” అన్నాడు. “నువ్వు ఆ మూడోదాన్ని దాటేసినాక ఇంక నా వల్ల కాలేదు. గోలే అనుకున్నా. అరిచేదానికి నోరు సాల్లేదు, బల్ల మీద ఎవురిదో విజిలు కనపడింది, ఊదేసినా. జనం నా మీదికి వస్తే స్పీకర్లు ఆడనే వదిలేసి చెరుకుతోటలోకి పరిగెత్తినా. నీ కాడికి వచ్చి ఒక మాట చెప్పల్ల అని నిండా అనుకున్నా. మొగం సాల్లేదు.”

ఆమె ట్రాక్ సూట్ జేబులోంచి నల్లటి విజిలు ఒకటి తీసి, చూపుడువేలికి తగిలించుకొనింది.

“ఇప్పుడు నేను మ్యాచికి ముందు రెండు టీముల్నీ పిలిచి ఇది ఊది వినిపిస్తా. ఈ గొంతు గుర్తు పెట్టుకోండి, ఇది తప్ప ఏది మోగినా ఆడతానే ఉండండి అని చెప్తా. పక్క గ్రౌండులో ఇంకో ఆట ఉంటే ఆ విజిలు విని, దానికి కలవని గొంతుది ఎంచుకుంటా. సంచిలో నాలుగు రకాలుండాయి.”

నియాజ్ లేచి నిలబడినాడు. “మేడమ్, మీరు…”

“కోమలి. చిత్తూరు నుంచి పంపించినారు. గ్రౌండు సూసిపోదామని వచ్చినా. నియాజ్ నువ్వే గదా? నాలుగుసార్లు ఫోన్ చేసినా, ఎత్తలేదు.”

ఫోన్లమ్మే నియాజ్ జేబులో వెతుక్కున్నాడు. ఫోను అంగట్లోనే మరిచొచ్చినాడు. శకుంతలమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వుకి మాకందరికీ ఊపిరి ఆడింది.

“ఆదివారం వస్తా,” అనింది కోమలి సంచి తగిలించుకుంటా. “మైకు సెట్టు మాత్రం పెట్టొద్దు.”

ఆమె నాలుగడుగులు వేసినాక మునిరామయ్య వెనకాలే లేచినాడు. “అమ్మా! సూసేదానికి నేను రావొచ్చునా?”

ఆమె వెనక్కి తిరిగింది. అప్పుడు మొదటిసారి నవ్వింది.

“రాండి. వట్టి చేతుల్తో రాండి.”