సంతకం పెట్టినవాడే ఎక్కాలి

విమానాల కార్ఖానాలో కొత్త షెడ్డుకి, చనిపోయిన పాత ఇంజనీరు పేరు పెడతామంటూ మేనేజరు తెచ్చిన కాగితాన్ని ఆ ఇంజనీరు కూతురు గుమ్మంలోనే చదివేసింది.

“యుద్ధంలో పైలట్‌గా ఆరు విమానాలు కూల్చారని రాశారు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఇంజనీరుగా బాగుచేసినవో?”

“జనం చప్పట్లు కొట్టేది యుద్ధానికేనమ్మా.”

“రిపేరు సరిగ్గా ఉందని సంతకం పెట్టినవాడే ఆ విమానంలో మొదట ఎక్కాలని నాన్న పట్టుబట్టేవారు. అదీ లేదేం?”

“ఆ పద్ధతి తీసేశామమ్మా. అలాగైతే సంతకానికి ఒక్కడూ ముందుకు రాడు.”

“నాన్న జ్వరంతో కూడా ఎక్కారు. ఆయన పేరు కావాలి గానీ పద్ధతి వద్దా?”

“పెద్దాయనకి మర్యాద చేద్దామని వస్తే...”

“చేయండి. రేపు రిపేరైన విమానం ఎగురుతోందటగా? సంతకం మీరే పెట్టి, మీరే ఎక్కండి. కిందికి దిగొచ్చాక పేరు పెడుదురుగాని.”