కుందేలుకు సాంబ్రాణి

గుడుపల్లెలో, కుందేళ్ల షెడ్డులో, తొలికాన్పు కుందేలును ఒళ్లో వెల్లకిలా పట్టుకుని కూర్చుంది కోడలు. పాలందక పిల్లల పొట్టలు ముడుతలు పడ్డాయి. ఈ పూట కూడా తాగకపోతే అవి దక్కవు.

"నిన్న బాగానే పాలిచ్చినాది కదత్తా. ఈరోజు పిల్లల దగ్గరికి యాల పోదు?"

"నాకేం తెలుసమ్మే?"

"పిల్లల మీద ఏందో వాసనొస్తాండాది."

"సాంబ్రాణి. బాలింతకూ బిడ్డలకూ పొగ వెయ్యకుంటే ఎట్లా?"

"అయ్యో అత్తా! తన వాసన పోతే తల్లి బెదరదా? దీని బొచ్చు తీసి పిల్లలకు రుద్దు."

"రుద్దినాను."

"ఇంక దీని కాళ్లు పట్టుకో. ఒక్కో పిల్లనే పొట్టకాడ పెడతాను."

"నన్నే తంతాండాదే!"

"పొగేసింది ఎవరో గుర్తుపట్టినాదిలే."

"ఎగతాళి ఆపి పని సూడు. తాగతాండాదా?"

"లేదు... ఇదీ లేదు... ఆఁ, పట్టినాది! కాళ్లు వదలొద్దత్తా, గట్టిగా పట్టుకో!"

"నేనెప్పుడో వదిలేసినానమ్మే. అదే కదలకుండా ఉండాది."